నా చేతి ఖుబానీ గరం

డిసెంబర్ 1, ఆదివారం

ఆఫీసులో పెద్దసారు పోయిన ఏడాది డైరీని చెత్తబుట్టలో వేస్తే తెచ్చుకున్నాను. సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి. పాత తారీకులు కొట్టేసి రాసుకుంటున్నాను. ఎనిమిదో తరగతి తప్పినదాన్ని. నా రాత నాకు అర్థమైతే చాలు.

చంద్రమ్మక్క కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు. ఆరు వారాలట. మా ఆయన డానియేలు తన వదిన చెయ్యి చూసి ఏడుపు మొహం పెట్టాడు. బాత్రూం ముందర తడి ఉంది, జారిపడింది. అంతే. ఆ తడిలో ఒక రబ్బరు బల్లి ఉన్న మాట నిజమే. కానీ ఆమె జారింది నీళ్ల మీద, బల్లి మీద కాదు.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ఇరవై ఒకటో తారీకు, శనివారం సాయంత్రం మా చర్చిలో సెమీ క్రిస్మస్. ఇరవై రెండేళ్లుగా ఆ రోజు అందరికీ ఖుబానీ గరం చేసేది చంద్రమ్మక్క. ఎండు ఖుబానీ పండ్లు ఉడికించి, మసాలా మూట వేసి, వేడివేడిగా గ్లాసుల్లో పోసి, ఆ పండ్ల గింజల్లో ఉండే పప్పు రెండేసి పలుకులు పైన వేసి ఇస్తుంది. గల్లీలో అన్ని మతాలవాళ్లూ వస్తారు. పాటల కోసం అని పాస్టరు అయ్యగారు అనుకుంటారు. చలిలో ఆ గరం గొంతు దిగుతుంటే చేసిన పాపాలు ఒక్కొక్కటే కరిగిపోతున్నట్టు ఉంటుంది. నాకైతే మూడు గ్లాసులు పడతాయి.

సెక్రటరీ అమరనాథ్ లేచి, "ఈ సారి మిషన్ చాయ్ పెట్టుకుందాం. శ్రవణ్ దగ్గర ఉన్నది. బటన్ నొక్కుతే వస్తది. ఎవల చెయ్యీ ఇరిగే పని లేదు" అన్నాడు.

చంద్రమ్మక్క కూర్చున్న చోటి నుంచే, "నా చెయ్యి ఇరిగితే ఏమాయె. స్వరూప చేతులు రెండు మంచిగనే ఉన్నయి. అది చేస్తది" అంది.

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. తర్వాత అమరనాథే, "స్వరూప చేస్తే తాగేదెవరు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఆయన కోపం ఈస్టర్ నాటిది. శనగపిండిలో ముంచి నూనెలో వేస్తే దూది కూడా మంచి బజ్జీ అవుతుంది. ప్రసంగం సాగినంతసేపూ నమిలాడు పాపం. మింగలేడు, అందరి ముందు ఉమ్మలేడు, సెక్రటరీ కదా.

చివరికి అయ్యగారు తీర్పు చెప్పారు. ఈ ఏడు స్వరూప చెయ్యాలి. వండిన డేక్సాలో మిగిలిపోతే వచ్చే ఏటి నుంచి ఖుబానీ గరం బంద్, చాయ్ మిషనే. చంద్రమ్మక్క "సరే" అంది, తన చెయ్యి తానే పందెం కాసినట్టు.

డిసెంబర్ 2

నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలియడం లేదు. అసలు ఒప్పుకోలేదు. నన్ను అడిగిందెవరు?

డిసెంబర్ 4, బుధవారం

ఆఫీసు నుంచి అటే పోయాను, చేసే పద్ధతి తెలుసుకుందామని. చంద్రమ్మక్క కట్టు వేసిన చెయ్యి దిండు మీద పెట్టుకుని జడ్జిలా కూర్చుంది.

"రాసుకో" అంది.

"గుర్తుంటది అక్కా."

"రాసుకో అన్న."

రాసుకున్నాను. మూడు కిలోల ఖుబానీ. రాత్రి నానబెట్టాలి. పొద్దున ఉడకబెట్టి, గింజలు తీసి, గుజ్జు చెయ్యాలి. గింజలు పగలగొట్టి పప్పు పక్కన పెట్టాలి. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, శొంఠి, ఎండిన కమలా తొక్క గుడ్డలో మూట కట్టి అందులో వెయ్యాలి. బెల్లం. చిటికెడు ఉప్పు.

"అంతేనా?" అన్నాను.

"అంతే."

ఇరవై రెండేళ్లలో ఈమె చేసినట్టు ఇంకెవరికీ కుదరలేదు. అలాంటిది అంతే అంటే అంతే అయిపోతుందా? ఏదో ఒకటి దాచింది. నేనైతే రెండు దాచేదాన్ని.

వచ్చేటప్పుడు, "నొప్పి ఉన్నదా?" అని అడిగాను. "ఉన్నది" అంది. బల్లి సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది? దానికి సంబంధం లేదు.

ఇరవై ఆరేళ్లుగా ఒకే కుటుంబంలో ఉన్నాం. ఈ మనిషి పళ్లు నేను చూసింది ఒక్కసారే, పన్ను పీకించుకున్న రోజు.

డిసెంబర్ 7, శనివారం

పావుకిలోతో మొదటిసారి చేశాను. రాత్రి నానబెట్టాను. పొద్దున ఆ ఎర్రటి నీళ్లు వంపేసి, పండ్లను రెండుసార్లు శుభ్రంగా కడిగి, మంచినీళ్లు పోసి ఉడకబెట్టాను. అన్నీ ఆమె చెప్పినట్టే. వచ్చింది మాత్రం జ్వరం కషాయం.

డానియేలుకు ఇచ్చాను. తాగి, "బాగుంది" అన్నాడు. ఈయన మాట లెక్కలోకి రాదు. ఒకసారి చీరలకు పెట్టే గంజి ఇచ్చినా బాగుందన్నాడు.

"నిజం చెప్పు."

"జలుబు తగ్గినట్టున్నది."

"నీకు జలుబు లేదు గదయ్యా."

"గందుకే జల్ది తగ్గింది."

డిసెంబర్ 10

మసాలా రెండింతలు వేసి మళ్లీ చేశాను. గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి డానియేలు చెప్పులు వేసుకుంటున్నాడు. డ్యూటీకి లేటవుతుందట. బస్ డిపోలో ఆయన డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. అప్పుడు టైము పొద్దున తొమ్మిది.

డిసెంబర్ 12, గురువారం

దాచింది. ఒట్టేసి చెప్తాను, దాచింది.

ఆమె సరుకులు కొనేది పత్తర్‌గట్టి బజారు వెనక సీతారాం సేఠ్ దుకాణంలో. తాతలనాటి మసాలా వ్యాపారం. ఆయనా, భార్య సావిత్రీ గల్లా దగ్గర కూర్చుంటారు. నేను ముఖం అమాయకంగా పెట్టుకుని పోయాను.

"సేఠ్ అన్నా, మా అక్క ఖుబానీ గరానికి నీ దగ్గర ఏమేం తీసుకుంటది?"

సీతారాం అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎవ్వరికీ చెప్పొద్దని చంద్రమ్మ ఒట్టు వేయించుకున్నదమ్మా."

"నేను పరాయిదాన్నా? ఇంటి మనిషిని."

"ఇంటి మనిషికే చెప్పొద్దన్నది."

చూశావా, దాచింది. నేను గల్లా మీదికి వంగాను. బతిమాలాను. చివరికి ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి, నా చెవి దగ్గర, "ఇంగువ" అన్నాడు.

"ఇంగువనా?"

"గడ్డ ఇంగువ. గందుకే ఆమెది ఆమెదే. మందికి తెల్వదు."

సావిత్రమ్మ అటు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుని దగ్గింది. చలికాలం, దగ్గు సహజమే. ఒక గడ్డ ఇస్తుంటే నేనే అడిగి రెండు తీసుకున్నాను.

డిసెంబర్ 13

ఇంగువ వేశాను.

పక్కింటి ఆమె గోడ మీది నుంచి, సాంబారు ఎవరి కోసమని అడిగింది. డానియేలు ఒక గుక్క తాగి, ఆలోచించి, "బాగుంది. అన్నం ఉన్నదా?" అన్నాడు.

డిసెంబర్ 14, శనివారం

సావిత్రమ్మది దగ్గు కాదు.

పొద్దున అటు నుంచి పోతుంటే సీతారాం దుకాణంలో నుంచే, "ఎట్లున్నదమ్మా ఖుబానీ?" అని అరిచాడు.

"మస్తుగున్నది అన్నా."

"ఉప్పు గిట్ల ఏమన్న కావాల్నా? మా దగ్గర ఫ్రీ."

ఆగస్టులో ఆయన షట్టరు మీద "ఈ రోజు ఉప్పు ఉచితం" అని కాగితం అంటించింది నేనే. అరవై మంది సంచులు పట్టుకుని నిలబడ్డారు. నాలుగు నెలలు కడుపులో పెట్టుకుని కొట్టాడు. మంచి దెబ్బ. కోపం లేదు. ఇంత బాగా కొట్టినవాడి మీద కోపం ఎందుకు?

కొంచెం ఉంది.

డిసెంబర్ 15, ఆదివారం

చర్చిలో ఒక్కరోజులో ఇంత జబ్బు ఎప్పుడూ చూడలేదు. ఒకామెకు అల్సర్. ఒకాయన ఉపవాసం. ఒకరికి వేడి చేసిందట, ఈ చలిలో. అయ్యగారి భార్య నా చెయ్యి పట్టుకుని, "నాకు షుగరమ్మా, ఈ సారి తాగను, ఏమనుకోకు" అంది. పోయిన ఏడాది చంద్రమ్మక్క చేతిది మూడు గ్లాసులు తాగింది. షుగరు అప్పుడు కూడా ఉంది.

అమరనాథ్ నా ముందే ఫోను తీసి శ్రవణ్‌కు చెప్పాడు. "శనివారం మిషన్ పట్కరా. రెండు వందల కప్పులు. ఊరికె ఉండనీ, అవసరం పడ్తది."

నాకేం? తాగితే తాగుతారు, లేకపోతే లేదు. నాకెందుకు ఫికర్? గుడిలో ప్రసాదం కాదు, ప్రభురాత్రి భోజనం కాదు, ఒట్టి ఖుబానీ నీళ్లు.

నాకేం?

డిసెంబర్ 16, సోమవారం

ఆఫీసుకు సెలవు పెట్టి, నిన్న సాయంత్రం చేసింది ఫ్లాస్కులో పోసుకుని చంద్రమ్మక్క దగ్గరికి పోయాను. అడుగుదాం, కడిగేద్దాం అనే పోయాను. ఆమె ఎడమచేత్తో ఒక గుక్క తాగింది. నాలుక మీద తిప్పింది.

"నీళ్లేం జేసినవ్?"

"ఏ నీళ్లు?"

"నానబెట్టిన నీళ్లు."

"పారబోసిన."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఎందుకు?"

"శనగలు నానబెడితే నీళ్లు పారబొయ్యమా? గట్లనే."

"రుచంత గా నీళ్లల్లనే దిగుతది. గవే నీళ్లల్ల ఉడకబెడ్తరు. రుచి మోరీల పోసి, పిప్పి ఉడకబెట్టినవ్."

"మరి నాకు చెప్పలేదేంది?"

"ముఖం కడుక్కునేటప్పుడు కండ్లు మూస్కొమ్మని గూడ చెప్పాల్నా?"

ఆ గ్లాసు తీసుకుని నేనూ ఒక గుక్క తాగాను. పిప్పే.

"నువ్వు ఏందో దాచినవనుకున్న అక్కా" అన్నాను.

"నేనెందుకు దాస్త?"

"నేనైతే దాచేదాన్ని."

"అవు. నువ్వు దాస్తవ్" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. ఇవాళ వారం ఏమిటంటే సోమవారం అని చెప్పినట్టు అంది. తిడితే బాగుండేది.

అప్పుడు నా నోట్లో నుంచి దానంతట అదే వచ్చింది. "అక్కా, గా బల్లి నేనే పెట్టిన."

"తెలుసు. దానికి రేటు చీటీ గూడ తియ్యలే."

"మరి ఎవ్వరికీ చెప్పలేదేంది?"

"చెప్తే నిన్ను తిడ్తరు. తిడితే నువ్వు పండ్లికిలిస్తవ్. నాకు చెయ్యి నొస్తుంటే నీ పండ్లు చూడబుద్ధి కాలే."

నేను ఫ్లాస్కు కడిగాను. ఆమె బట్టలు ఉతికాను. జడ వేశాను, ఒక చేత్తో వేసుకోలేదు కదా. వస్తుంటే, "శనివారం నా మాట పోగొట్టకు" అంది.

బల్లి గురించి ఇక రాయను. సంబంధం ఉంది.

డిసెంబర్ 19

ఐదో తడవ. నానిన నీళ్లతోనే ఉడకబెట్టాను. రంగు చూడగానే తెలిసిపోయింది. తేనె రంగు కన్నా ఒక పిసరు ఎక్కువ.

డానియేలు తాగాడు. బాగుందని అనలేదు. అసలు ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి పోయి ఇంకో గ్లాసు పోసుకున్నాడు.

డిసెంబర్ 20, శుక్రవారం

మూడు కిలోలు నానబెట్టాను. గిన్నె మీద మూత పెట్టి, మూత మీద సన్నికల్లు పెట్టాను. నా మీద నాకే నమ్మకం లేక.

నూటయాభై మంది, ఒకే డేక్సా, గరిటె నా చేతిలో. ఇలాంటి అవకాశం మళ్లీ జన్మలో రాదు. సాయంత్రం నుంచి బుర్రలోకి పదకొండు ఉపాయాలు వచ్చాయి. అందులో ఏడోది ఎంత బాగుందంటే, కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అది ఇక్కడ కూడా రాయను. రాస్తే చేస్తాను.

ఏదీ చెయ్యను.

డిసెంబర్ 21, శనివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకే నమ్మకం ఉండదు.

ఐదింటికల్లా హాలు నిండింది. డేక్సా ఒక మూల, పక్కన నేను. ఎదురు మూల శ్రవణ్, వాడి చాయ్ మిషను. అది మూడు నిమిషాలకోసారి బుస్సుమంటోంది. ముందు వరస కుర్చీలో చంద్రమ్మక్క, కొత్త చీర, పాత కట్టు. పాటలయ్యాయి, వాక్యం అయింది. అయ్యగారు ఖుబానీ గరం మీద ప్రార్థన చేశారు. ఏటా ఒకసారి చేస్తారు. ఈసారి రెండుసార్లు చేశారు.

పోశాను. పప్పు పలుకులు వేశాను. డానియేలు ట్రేలు తిప్పాడు. అందరూ మర్యాదగా గ్లాసులు తీసుకున్నారు.

ఎవరూ తాగలేదు.

గ్లాసు చేతులు మారుతోంది గానీ నోటి దాకా పోవడం లేదు. కొందరు చేతులు వెచ్చబెట్టుకుంటున్నారు. ఒకాయన వాసన చూసి పక్కాయనకు ఇచ్చాడు, పక్కాయన వాసన చూసి తిరిగి ఇచ్చాడు. సీతారాం సేఠ్, "ముందు నువ్వు" అని సావిత్రమ్మకు చూపిస్తున్నాడు. ఆమె, "ఇంట్ల మగమనిషి మీరు" అంటోంది. అయ్యగారి భార్య గ్లాసును కిటికీలో పెట్టి దానికి వీపు తిప్పి నిలబడింది.

అమరనాథ్ గ్లాసును ట్యూబులైటుకు ఎత్తి చూశాడు. "ఏమేసినవ్?"

"ఖుబానీ అన్నా."

"గది గాదు. అసలుది చెప్పు."

"ఏం లేదు. దేవుని తోడు."

నేను దేవుడి మీద ఒట్టు వేసేసరికి, అప్పటిదాకా గ్లాసులు పట్టుకున్నవాళ్లు కూడా కింద పెట్టేశారు. ఒకరిద్దరు మెల్లగా చాయ్ మిషను వైపు నడిచారు. అమరనాథ్ వాళ్లకు దారి ఇచ్చాడు, పెళ్లికొడుకు తరఫు మనిషిలా.

చంద్రమ్మక్క నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. డేక్సాలో పైన పొర కట్టడం మొదలైంది. జీవితంలో మొదటిసారి ఏ తప్పూ చెయ్యకుండా నిలబడ్డాను, ఒక్కరు కూడా నమ్మడం లేదు. నమ్మేలా ఏ నిజం చెప్పాలో నాకు తెలియదు. నాకు చెప్పడం వచ్చింది ఒక్కటే.

గరిటెతో డేక్సా మీద కొట్టాను. "సరే. ఒప్పుకుంటున్న" అన్నాను.

హాలంతా ఆగిపోయింది. మిషను ఒక్కటే బుస్సుమంది.

"పప్పులల్ల ఒక్క వేపగింజ కలిపిన. ఒక్కటే. ఎవరి గ్లాసుల పడ్తదో నాకు గూడ తెల్వదు. చేదు తగిలినోళ్లకు పత్తర్‌గట్టిల వాళ్లకు నచ్చిన చీర కొనిస్త. మొగోళ్లయితే ప్యాంటు, షర్టు బట్ట."

"నాకు ముందే తెల్సు" అన్నాడు అమరనాథ్. ఆయన ముఖంలో అంత సంతోషం ఆయన బిడ్డ పెళ్లిలో కూడా చూడలేదు. హాలంతా ఊపిరి వదిలింది. స్వరూప ఎప్పటి స్వరూపే, భయం లేదు.

తాగడం మొదలుపెట్టారు. తాగడమా అది? మొదటి గ్లాసు వేపగింజ కోసం తాగారు. రెండోది కూడా వేపగింజ కోసమే అన్నారు గానీ, పప్పు నమలకుండా ముందు అడుగు దాకా తాగేశారు. సీతారాం ఒక్కో పలుకునీ కళ్లు మూసుకుని, ముత్యాలు పరీక్షించేవాడిలా కొరుకుతున్నాడు. అయ్యగారి భార్య కిటికీలో గ్లాసు ఖాళీ చేసి మూడుసార్లు వచ్చింది. "షుగరమ్మా మీకు" అన్నాను. "చీర పోతది గదా స్వరూపా" అంది. శ్రవణ్ మిషను బంద్ చేసి వరసలో నిలబడ్డాడు. అమరనాథ్ ఐదు గ్లాసులు. నేను లెక్కపెట్టాను.

ఆరున్నరకు డేక్సా అడుగు కనబడింది. అప్పుడు తట్టింది నాకు. అయిపోయాక అడుగుతారు, గింజ ఎవరికి తగిలిందని. ఎవరికీ తగలలేదంటే అబద్ధమని తేలుతుంది. ఇక ఈ జన్మలో నా చేత్తో మంచినీళ్లు కూడా తాగరు. చంద్రమ్మక్క మాట పోయినట్టే.

డేక్సా వంచి గీకితే సరిగ్గా ఒక్క గ్లాసు వచ్చింది. అమరనాథ్ చెయ్యి చాపాడు. నేను ఆయన్ని దాటుకుని పోయి చంద్రమ్మక్కకు ఇచ్చాను. అప్పటిదాకా ఆమెకు ఇవ్వనే లేదని అప్పుడే గుర్తొచ్చింది.

అందరూ చుట్టూ మూగారు. ఆఖరి గ్లాసు కదా. ఆమె ఎడమచేత్తో పట్టుకుని, తొందర లేకుండా, చివరి దాకా తాగింది. పప్పు నమిలింది. నమలడం ఆపింది. ముఖం అంతా నిమ్మకాయ పిండినట్టు ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు.

"చేదు" అంది.

"నిజంగనా?" అన్నాను నేనే ముందు.

"విషం లెక్క ఉన్నది. ఏం మనిషివే నువ్వు."

అమరనాథ్ ముందుకు వచ్చాడు. "ఏదీ, గింజ చూపియ్యి."

"మింగిన."

"మింగినవా? ఉమ్మొచ్చు గదా."

"చర్చిల ఉమ్ముతరా ఎవరన్న?"

హాలు కూలిపోయేలా నవ్వారు. చప్పట్లు. "ఐదు గ్లాసులు తాగితి, ఐదు" అని అమరనాథ్ అందరికీ వేళ్లు చూపిస్తున్నాడు. అయ్యగారు ఖాళీ డేక్సాలోకి తొంగిచూసి, వచ్చే ఏడు మూడు కాదు, నాలుగు కిలోలు నానబెట్టాలని అక్కడే ప్రకటించారు.

నేను గరిటె పట్టుకుని అలాగే ఉన్నాను. నేను వేపగింజ వెయ్యలేదు.

డిసెంబర్ 22

వెయ్యలేదు. వేశానా? పప్పు కొట్టింది నేను, డానియేలు. ఆయన్ని అడిగాను, వేపగింజ ఏమన్నా కలిసిందా అని. "బాగుండె" అన్నాడు.

డిసెంబర్ 23, సోమవారం

పొద్దున్నే చంద్రమ్మక్క చెప్పులు వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. "చీర" అంది.

పత్తర్‌గట్టి పోయాం. దుకాణంలో దర్జాగా కూర్చుని, చెయ్యి ఒడిలో పెట్టుకుని, వాడితో నలభై చీరలు విప్పించింది. ఒకటి రంగు వెలుస్తుందంది, ఒకటి ముసలిదాని చీరంది. దుకాణం వాడు లోపలికి పోయినప్పుడు నేను దగ్గరికి జరిగాను.

"అక్కా, ఇక్కడ ఎవరూ లేరు. చెప్పు. నేను గింజ వెయ్యలేదు."

ఆమె చీర అంచు మీది నుంచి చూపు తిప్పలేదు. "వెయ్యకుంటే నా నోట్లెకెట్ల వచ్చె?"

"అదే అడుగుతున్న."

"నన్నడుగుతవేంది? వేసినదానివి నువ్వు." ఇంతలో దుకాణం వాడు వచ్చాడు. "బాబూ, జాకెట్టు ముక్క దీంట్లనే కలిసి ఉంటదా, ఇడిగనా? ఇడిగ అయితే గది గూడ కట్టు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సంచి ఒళ్లో పెట్టుకుని అటువైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. కొంచెం దూరం పోయాక చూస్తే భుజాలు ఊగుతున్నాయి. గుంతల రోడ్డు, చెయ్యి నొస్తోందేమో అనుకున్నాను.

"అక్కా, మెల్లగ పొమ్మంటనా?"

"మాట్లాడకు" అంది, ముఖం ఇటు తిప్పకుండానే.

ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. రోడ్డు సాఫుగానే ఉంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.